కాలువకు నీళ్లు వదలకముందే: డెల్టాలో పెంపుడు కుక్కలకు టీకాలు

గోదావరి డెల్టాలో కుక్కను పెంచుకుంటున్న ఇళ్లలో టీకా గురించి అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు "సూది వేయించేశాం" అన్నదే. ఏ సూది వేయించారు, అప్పటికి పిల్లకు ఎన్ని వారాలు, తరువాతది ఎప్పుడు అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. టీకా ఒక్క సూదితో ముగిసే పని కాదు. కుక్కపిల్లకు నాలుగు నెలలు దాటేవరకు సాగే వరుస అది. ఆ వరుసలో అన్నిటికన్నా ముఖ్యమైనది 16 వారాలు నిండాక వేసే చివరి మోతాదు. రెండు సూదులు పడ్డాయి కదా, పిల్ల చలాకీగానే ఉంది కదా అనుకుని చాలామంది ఆ చివరిదాన్నే వదిలేస్తున్నారు. అదెందుకు వదలకూడదో తెలియాలంటే ముందుగా ముర్రుపాల సంగతి తెలియాలి.

పుట్టిన మొదటి రోజున తాగే ముర్రుపాల ద్వారా తల్లి ఒంట్లోని ప్రతిరక్షకాలు పిల్లకు అందుతాయి. తల్లికి టీకాలు పడి ఉంటే, లేదా అది ఏదైనా జబ్బును తట్టుకుని బతికి ఉంటే, ఆ రక్షణ పిల్లను కొన్ని వారాలపాటు కాపాడుతుంది. అయితే ఈ ప్రతిరక్షకాలే టీకాకు అడ్డుపడతాయి. టీకాలో ఉండేది బలహీనపరచిన వైరస్ కాబట్టి, తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు దాన్ని కూడా నిజమైన వైరస్‌లాగే పట్టుకుని పనిచేయకుండా చేస్తాయి. పిల్ల సొంత రక్షణ వ్యవస్థ ఆ టీకాను గుర్తించే అవకాశమే ఉండదు. ఈ అడ్డు ఎప్పుడు తొలగుతుందో ముందుగా చెప్పలేం. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒకదానికి 8 వారాలకే తొలగవచ్చు, మరొకదానికి 12 వారాలు దాటినా తొలగకపోవచ్చు. పైగా, తల్లి రక్షణ జబ్బును ఆపలేనంతగా తగ్గిపోయి, టీకాను అడ్డుకోగలిగినంత మాత్రం మిగిలి ఉండే ప్రమాదకరమైన కొన్ని రోజులు ప్రతి పిల్లకూ వస్తాయి.

అందువల్ల రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేసే సూదులు ఒకదానికొకటి బలం చేకూర్చేందుకే అనుకోవడం సరికాదు. ఏ సూది పనిచేస్తుందో పైకి తెలియదు కనుక, తల్లి రక్షణ తొలగిన సమయం ఎక్కడో ఒకచోట దొరికేలా వరుసగా వేస్తారు. 16 వారాలకు దాదాపు అన్ని పిల్లల్లోనూ ఆ అడ్డు తొలగిపోతుంది కాబట్టి, ఆ వయసులోనో, ఆ తరువాతో పడే మోతాదే నమ్మదగినది. 12వ వారంలోనే వరుస ఆపేసిన పిల్లకు అంతకుముందు వేసిన సూదులేవీ పట్టి ఉండకపోవచ్చు.

వరుస ఎలా ఉంటుంది

6 నుంచి 8 వారాల మధ్య మొదటి సంయుక్త టీకా, అంటే డిస్టెంపర్, హెపటైటిస్, పార్వో వంటి జబ్బులకు కలిపి ఒకే సూదిగా ఇచ్చేది, వేస్తారు. జబ్బు ఎక్కువగా ఉన్నచోట ఆరో వారంలోనే, పార్వో, డిస్టెంపర్ రెండింటికి మాత్రమే పనిచేసే పప్పీ డీపీ అనే టీకాతో మొదలుపెట్టడం కూడా ఉంది. అక్కడినుంచి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, 16 వారాలు నిండేవరకు సంయుక్త టీకా మళ్లీ వేస్తారు. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ (లెప్టో) జబ్బుకు టీకాను 8 వారాలు దాటాక, రెండు నుంచి నాలుగు వారాల వ్యవధిలో తప్పనిసరిగా రెండుసార్లు వేయాలి. ఒక్కసారి వేసి వదిలేస్తే అది వేయనట్టే లెక్క. రేబిస్ టీకా 12 వారాలు నిండాక వేస్తారు. రేబిస్ ఎక్కువగా ఉన్న మన దేశంలో మూడు నాలుగు వారాల తరువాత రెండోది కూడా వేయించమని చాలామంది పశువైద్యులు చెబుతారు, అది మంచి సలహా. ఆ తరువాత ఆరు నెలల వయసులో గానీ, ఏడాది నిండినప్పుడు గానీ సంయుక్త టీకా మరొకటి పడాలి.

ఎదిగిన కుక్కకు రేబిస్, లెప్టో టీకాలు ఏటా వేయించాలి. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకాల రక్షణ మూడేళ్లకు తగ్గకుండా నిలుస్తుందని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనవద్ద దొరికే సీసాల్లో ఇవన్నీ కలిసే ఉండటం వల్ల చాలా ఆసుపత్రుల్లో అన్నీ ఏటా వేస్తున్నారు. దానివల్ల పెద్దగా నష్టమేమీ లేదు. కానీ లెప్టో ఒక్కటే విడిగా దొరికితే ఏది అవసరమో మీ వైద్యుడినే అడగండి. అది మీరు అడగవలసిన ప్రశ్నే.

జబ్బులు ఎలాంటివి

పార్వో వచ్చిన పిల్ల ముందు తిండి మానేస్తుంది. తరువాత వాంతులు, ఆపైన భరించలేని వాసనతో నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. ఒంట్లో నీరంతా పోయి, సెలైన్ ఎక్కించినా రెండు మూడు రోజుల్లోనే చనిపోయే పిల్లలు ఎన్నో ఉన్నాయి. 1970ల చివరలో ప్రపంచమంతా వ్యాపించిన ఈ వైరస్‌కు అసలు బలం అది నేలలో నిలిచి ఉండటం. పెరట్లో ఒక పిల్ల పార్వోతో చనిపోతే ఆ మట్టిలో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటుంది. అక్కడికి టీకాలు పూర్తికాని కొత్త పిల్లను తేవడమంటే దాన్ని నేరుగా జబ్బు నోట్లో పెట్టడమే. గచ్చును ముందుగా శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే వైరస్ చస్తుంది. మట్టినేల మీద మాత్రం ఇది సరిగ్గా పనిచేయదు.

డిస్టెంపర్ కళ్లు, ముక్కు కారడంతో జలుబులా మొదలై, దగ్గు, విరేచనాల మీదుగా నరాలకు పాకుతుంది. దవడ అదరడం, మూర్ఛలు రావడం మొదలయ్యాక బతికే కుక్కలు తక్కువ, బతికినవాటికి కూడా ఆ అదురు మిగిలిపోవచ్చు. హెపటైటిస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఈ మూడింటికీ కచ్చితమైన మందు లేదు, వైద్యులు చేయగలిగింది ప్రాణం నిలబెట్టే ప్రయత్నం మాత్రమే. ఊరకుక్క జాతి కాబట్టి ఏమీ కాదు అనే మాటలో నిజం లేదు. వీధిలో మనకు కనిపించేవి బతికి బయటపడిన కుక్కలు. చనిపోయిన పిల్లల లెక్క ఎవరూ రాయరు.

డెల్టాలో లెప్టోను పక్కన పెట్టకూడదు

ఇతర ప్రాంతాల వారు రాసిన సలహాల్లో లెప్టోస్పైరోసిస్ టీకా అవసరాన్ని బట్టి వేయించుకునేదిగా కనిపించవచ్చు. గోదావరి పాయల మధ్య బతికే మనకు ఆ మాట వర్తించదు. ఈ జబ్బు కలిగించే సూక్ష్మజీవి ఎలుకల మూత్రంతో బయటికి వచ్చి, వెచ్చగా, తడిగా ఉన్న మట్టిలోనూ నిలవనీటిలోనూ వారాల తరబడి బతుకుతుంది. చర్మం మీద చిన్న గీరు ఉన్నా చాలు, కంటిపొర, నోటిపొర తడిసినా చాలు, ఒంట్లోకి వెళుతుంది. ఇప్పుడు మన ఊళ్లను ఒకసారి తలచుకోండి. సార్వా నాట్ల వేళ చేలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి. ఎలుక బుట్టలు పెట్టించవలసినన్ని ఎలుకలు గట్ల బొరియల్లో ఉంటాయి. కొబ్బరితోటల్లో చెట్టెక్కి కాయలు కొరికే ఎలుకలు వేరే. ఇంటి పక్కన బోదె, దానికి అవతల మురుగు కాలువ. రాజోలు, అమలాపురం వైపు తోటల్లో తిరిగే కుక్క దాహమేస్తే ఎక్కడి నీళ్లు తాగుతుందో మనం కాపలా కాయలేం. ఇక గౌతమికో వశిష్ఠకో వరద వచ్చినప్పుడు, 2022 జులైలో వచ్చినట్టుగా, లంక గ్రామాల్లో బొరియలన్నీ మునిగి, ఎలుకలూ మనుషులూ పశువులూ కుక్కలూ మిగిలిన కాస్త మెరక మీదికి చేరతాయి. అందరి కాళ్ల కిందా ఒకే నీరు ఉంటుంది.

లెప్టో పట్టిన కుక్కకు జ్వరం వస్తుంది, వాంతులవుతాయి, ఒళ్లు నొప్పులతో లేవలేకపోతుంది, మూత్రం తగ్గుతుంది. కొన్నింటిలో కళ్లు, చిగుళ్లు పసుపు పచ్చగా మారతాయి. ఆ పసుపును చూసి కామెర్లని పసరు పోయించి రెండు రోజులు గడిపేస్తే మూత్రపిండాలు పాడైపోతాయి. తొలి రోజుల్లోనే సరైన యాంటీబయాటిక్ పడితే ఇది చాలావరకు నయమయ్యే జబ్బు. ఇది కుక్కతో ఆగిపోయేది కూడా కాదు. దాని మూత్రం తగిలితే మనుషులకూ వస్తుంది కాబట్టి, జబ్బుపడ్డ కుక్క పడుకున్న చోటును చేతి తొడుగులు వేసుకుని కడగాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

అందుకే ఏటా వేసే లెప్టో టీకాను వేసవి చివరికి పెట్టుకోవడం మన ప్రాంతానికి అన్నివిధాలా సరిపోతుంది. వేసవిలో మరమ్మతుల కోసం కట్టేసిన కాలువలకు ధవళేశ్వరం నుంచి తిరిగి నీళ్లు వదిలేలోగా సూది పడి ఉంటే, నాట్లకు, వరదలకు, ఆ తరువాతి వాయుగుండాలకు కుక్క సిద్ధంగా ఉంటుంది. మొదటిసారి వేయిస్తున్నవారు రెండు మోతాదులూ పూర్తయి, రెండోదాని తరువాత మరో రెండు వారాలు గడిచేలా, ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. ఈ టీకా లెప్టో రకాలన్నింటినీ ఆపదు, సీసాలో ఉన్న రకాలకే పనిచేస్తుంది. కాబట్టి ధాన్యం ఉన్నచోట ఎలుకలను అదుపులో ఉంచడం, కుక్కకు గిన్నెలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండేలా చూడటం మానకూడదు.

రేబిస్

లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి కుక్క గానీ మనిషి గానీ బతకడం దాదాపు లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో దాదాపు అంతా కుక్కకాటు వల్లనే వస్తోంది. ప్రపంచ రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితే జబ్బు పాకే గొలుసు తెగుతుందని కూడా ఆ సంస్థే చెబుతోంది. అంటే పెంపుడు కుక్కకు టీకా వేయించడం ఇంటి పని మాత్రమే కాదు, ఊరి పని కూడా. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్క బాధ్యత యజమానిది. జులై 6న, అంటే 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేసిన రోజున, చాలా పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తారు. సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినానికి కూడా శిబిరాలు పెడుతుంటారు. ఏటా ఈ రెండింటిలో ఒక తేదీని మీ కుక్క రేబిస్ టీకాకు కేటాయించుకుంటే మరిచిపోయే అవకాశం తక్కువ.

మీ కుక్క ఎవరినైనా కరిస్తే టీకా పడింది కదా అని ఊరుకోకూడదు. పుండును ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం, పసరు రాయకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలపుది. ఆ మందు వాడకం ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికి, 28 రోజుల్లో ముగిసే నాలుగైదు విడతలే వేస్తారు. చర్మం తెగి నెత్తురు వచ్చిన గాయమైతే పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు, కూడా ఇస్తారు. కరిచిన కుక్కను కట్టేసి పది రోజులు గమనించాలి, చంపకూడదు. ఆ పది రోజుల గమనిక వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది.

సీసాను చూడటం నేర్చుకోండి

సంయుక్త టీకా సాధారణంగా రెండు చిన్న గాజు సీసాలుగా వస్తుంది. ఒకదాని అడుగున తెల్లని గట్టి బిళ్లలా ఎండబెట్టిన వైరస్ ఉంటుంది, రెండోదాంట్లో ద్రవం ఉంటుంది. వైద్యుడు ద్రవాన్ని సిరంజిలోకి తీసి, రబ్బరు మూత గుండా మొదటి సీసాలోకి ఎక్కించి, మెల్లగా తిప్పుతారు. బిళ్ల క్షణాల్లో కరిగిపోతుంది. చాలా రకాల్లో లెప్టో టీకా ఉండేది ఆ ద్రవంలోనే. కాబట్టి మామూలు నీరు కలిపిన టీకాలో లెప్టో లేదని గుర్తించండి. కలిపిన మందును వెంటనే వాడాలి. రేబిస్ టీకా మాత్రం ముందే ద్రవంగా ఉంటుంది. హైదరాబాద్‌లో తయారయ్యే రక్షారాబ్ వంటివి ఎక్కువగా కనిపిస్తాయి.

సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అనే పేర్లను చూసి పెద్ద అంకె ఉన్నదే మంచిదనుకోవద్దు. కంపెనీని బట్టి లెక్కపెట్టే తీరు మారుతుంది. కొన్నింటిలో కరోనా పేరు కలిసి ఉంటుంది. అది కుక్కల పేగులకు వచ్చే వేరే వైరస్, దానికి టీకా అవసరమని మార్గదర్శకాలు చెప్పడం లేదు. మీరు చూడవలసిన అక్షరాలు వేరు. డి అంటే డిస్టెంపర్, హెచ్ లేదా ఏ అంటే హెపటైటిస్, పి అంటే పార్వో, పిఐ అంటే దగ్గు తెప్పించే పారాఇన్‌ఫ్లూయెంజా, ఎల్ అంటే లెప్టో, ఆర్ అంటే రేబిస్. ఎల్ పక్కన 2 అని ఉంటే అందులో రెండు లెప్టో రకాలు, 4 అని ఉంటే నాలుగు రకాలు ఉన్నాయని అర్థం. 4 ఉన్నది దొరికితే మన ప్రాంతానికి అదే మేలు. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి వీటిలో ఏదీ పనిచేయదు. దానికి పిడుదులను నివారించడమే మార్గం.

టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉంచాలి. గడ్డకట్టినా, వేడెక్కినా అది చెడిపోతుంది, చెడిపోయినట్టు పైకి ఏమీ కనిపించదు. మందుల షాపులో కొని, ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, నరసాపురంలో పంటు ఎక్కి ఎండలో సఖినేటిపల్లి దాటించి ఇంట్లో ఎవరిచేతనో వేయించడం కన్నా, కుక్కనే ఆసుపత్రికి తీసుకెళ్లడం వెయ్యి రెట్లు నయం. తప్పనిసరిగా తేవలసివస్తే, ఐస్ ప్యాక్ ఉన్న పెట్టెలో, సీసా మంచుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తేవాలి. కరెంటు ఎక్కువసేపు పోయే రోజుల్లో ఫ్రిజ్ ఎలా నిలుపుతున్నారని ఆసుపత్రిలో అడగడానికి మొహమాటపడవద్దు. శ్రద్ధగల వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు. ఊరికి దూరంగా ఉన్నవారు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం సంగతి కనుక్కోవచ్చు, గ్రామంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడిగి శిబిరాల తేదీలు తెలుసుకోవచ్చు.

సూది వేయించే రోజు

జ్వరం, విరేచనాలు ఉన్నరోజు టీకా వేయించకూడదు. నులిపురుగుల మందును పిల్లకు రెండు వారాల వయసు నుంచి వైద్యుడు చెప్పినట్టు తాగిస్తూ, టీకా వేళకు పిల్ల ఆరోగ్యంగా ఉండేలా చూసుకోవాలి. మోతాదు చిన్న కుక్కకూ పెద్ద కుక్కకూ ఒకటే. పొమేరియన్ కదా అని సగం వేయించడం, ఒక సీసాను రెండు పిల్లలకు పంచడం చేస్తే రెండింటికీ రక్షణ ఉండదు. సూది వేశాక అరగంట అక్కడే ఉండండి. ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, వరసగా వాంతులైనా, ఆయాసపడినా అక్కడికక్కడే మందు ఇవ్వగలుగుతారు. ఇలా జరగడం అరుదు. ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండటం, సూది వేసినచోట చిన్న గడ్డలా తగలడం మామూలే.

చివరి మోతాదు పడి రెండు వారాలు గడిచేవరకు పిల్లను వీధికుక్కలు తిరిగే చోట, ఆసుపత్రి గచ్చు మీద దింపవద్దు. ఎత్తుకునే ఉండండి. అయితే అన్నాళ్లూ దాన్ని గదిలో బంధించకూడదు. ఇంట్లోని మనుషుల మధ్య, టీకాలు పూర్తయిన కుక్కల మధ్య తిరగనివ్వాలి, లేదంటే పిరికిగా, కరిచే స్వభావంతో పెరుగుతుంది.

సీసా మీద ఉన్న స్టిక్కరును ఊడదీసి కార్డు మీద అంటించి, తేదీ వేసి, వైద్యుడు సంతకం చేస్తారు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులోనే ఉంటాయి. పిల్లను కొనేటప్పుడు ఫస్ట్ వ్యాక్సిన్ అయిపోయిందని అమ్మినవారు చెప్పి, కార్డు మీద స్టిక్కరు చూపకపోతే, టీకా పడనట్టే భావించి వరుస మొదటినుంచి వేయించండి. కార్డును ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, లంక గ్రామాల వారు దాన్ని ఆధార్ కార్డులు, పాస్‌పుస్తకాలు దాచే ప్లాస్టిక్ సంచిలోనే పెట్టండి. పునరావాస శిబిరంలో కుక్క ఎవరినైనా గీరితే ముందుగా అడిగేది ఆ కార్డే.

చూలుతో ఉన్న కుక్కకు బతికి ఉన్న వైరస్‌తో చేసిన టీకాలు వేయకూడదు, జత కట్టించడానికి ముందే పూర్తిచేయాలి. అలా చేస్తే ముర్రుపాలలో పిల్లలకు మంచి రక్షణ కూడా అందుతుంది.

మధ్యలో తేదీ తప్పితే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. నాలుగు నెలలు దాటిన కుక్కకు తల్లి రక్షణ అడ్డు లేదు కాబట్టి, డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్‌లకు ఒక్క మోతాదు పడినా చాలావరకు పనిచేస్తుంది. నిర్ధారణ కోసం నాలుగు వారాలకు మరొకటి వేస్తారు. రేబిస్ టీకా గడువు దాటితే వెంటనే ఒకటి వేయించి, అక్కడినుంచి ఏడాది లెక్క మొదలుపెట్టాలి. లెప్టో మాత్రం ఏడాది దాటి మరికొన్ని నెలలు గడిస్తే రెండు మోతాదుల వరుస మళ్లీ మొదలుపెట్టవలసిందే. వరద నీరు తీసిన తరువాత ఈ సంగతి గుర్తొచ్చినవారు కూడా వచ్చే వేసవి దాకా ఆగకుండా, కుక్క ఆరోగ్యంగా ఉంటే ఆ వారంలోనే మొదటిది వేయించి, రెండోదాని తేదీని కార్డు మీద రాయించుకుని రావాలి.